శాలువాల కింద దాచిన మందు

ముందుగా ప్రమాణం చేస్తున్నాను. ఇందులో రాసిన ప్రతి అక్షరం నిజం. క్యాజువాలిటీలో ఇన్నేళ్ళు నేను తొడుక్కున్న తెల్ల చొక్కా మీద ఒట్టు, దాని మీద పడ్డ సమస్త ద్రవాల మీద ఒట్టు. నాతో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఇది చదివి, "మల్లేశన్న చెప్పిండంటే సగం తీసెయ్యాలె" అని నవ్వితే నవ్వనివ్వండి. ఎక్స్‌రే బల్ల మీద గేదె ఈనిన కథ వేరు, ఇది వేరు.

నేను మగ నర్సును. ఆసుపత్రుల్లో మమ్మల్ని "బ్రదర్" అంటారు. శంషాబాద్ దాటాక బెంగళూరు రోడ్డు మీద ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నా ఉద్యోగజీవితంలో ఎక్కువ భాగం గడిచింది. రోగులను ఎత్తి, దించి, పక్కకు తిప్పి, చివరికి నా నడుమే రోగి అయి కూర్చుంది. అందుకే అరవై రాకుండానే పని మానేశాను. ఇప్పుడు నర్సింగ్ చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరేవాళ్ళు అప్పుడప్పుడు వచ్చి, ఏదైనా మంచిమాట చెప్పమంటారు. ఓపికగా ఉండండి, రోగిని దేవుడిలా చూసుకోండి అని చెప్పడానికి వేరేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది ఒక్కటే. వాడిన సూది మీకు గుచ్చుకుంటే ఏం చేయాలో తెలుసుకోండి. ఏం చేయాలో మీ పాఠాల్లోనే ఉంది. మేము ఏం చేశామో అది నా దగ్గర వినండి.

సూదికి టోపీ

వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకూడదు. ఈ మాట నర్సింగ్ మొదటి ఏడాదిలోనే చెబుతారు. మేమంతా ఒప్పజెప్పి పాసైనవాళ్ళమే. అయినా పొద్దున లేస్తే అదే పని. ఎడమచేతిలో మూత, కుడిచేతిలో రక్తం అంటిన సూది, రెండింటినీ ఎదురెదురుగా తెచ్చి కలపడం. పొడిచిన ముల్లుకు టోపీ తొడిగే జంతువు ఈ భూమ్మీద నర్సు ఒక్కటే.

ఎందుకు చేసేవాళ్ళం? సూదులను కత్తిరించి కాల్చే చిన్న యంత్రం ఒకటి ఉండేది. అది చిటపటమంటుంది, కాలిన వాసన వస్తుంది. రోగులకు ఇబ్బందిగా ఉందని పెద్ద డాక్టర్ గారు దాన్ని తీయించి వరండా చివర మరుగుదొడ్ల పక్కన పెట్టించారు. ఇక మంచం దగ్గర నుంచి అక్కడిదాకా, పిల్లలు పరుగెత్తే వరండాలో, మూత లేని సూదిని పట్టుకుని ఎలా పోతాం? సూదికి టోపీ పెట్టి పోయేవాళ్ళం. యంత్రాన్ని మంచం దగ్గరికి తెమ్మని నేను అడిగినప్పుడల్లా ఆయన ఒకటే మాట: "చూద్దాం బ్రదర్." నా అనుభవంలో ఆసుపత్రుల్లో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట అదే.

రెండో జబ్బు ఇంకా పెద్దది. సూది గుచ్చుకున్నవాళ్ళు చెప్పేవాళ్ళు కాదు. మా మేట్రన్ మేడం పనిలో చెయ్యి తిరిగిన మనిషి. కానీ ఎవరికైనా సూది గుచ్చుకుందని తెలిస్తే, డ్యూటీ మారే వేళ అందరి ముందూ నిలబెట్టి, "చూడండి, పెళ్ళిచూపులకు పోయినట్టు దిక్కులు చూస్తూ పనిచేస్తే ఇదే గతి" అని క్లాసు తీసుకునేది. ఆ తర్వాత ఎవరు చెబుతారు? వేలు చీకుతారు, స్పిరిట్ పోస్తారు, గుళ్ళో ఒక కొబ్బరికాయ మొక్కుకుంటారు. అంతే.

బీరువా

హెచ్ఐవీ ఉన్న రక్తం సూదితో లోపలికి పోయిందేమోనని అనుమానం వస్తే వేసుకోవడానికి మాత్రలున్నాయి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. గంటల్లో వేసుకోవాలి. మూడు రోజులు దాటితే ఇక వేసుకున్నా లాభం లేదు. మొదలుపెట్టాక నెల రోజులు మానకుండా వాడాలి. ఇంతే సంగతి. ఇందులో అర్థం కానిదేమీ లేదు.

మా ఆసుపత్రిలో ఆ మాత్రలు ఉండేవి. క్యాజువాలిటీలో కాదు, మందుల షాపులో కాదు, పెద్ద డాక్టర్ గారి గదిలో ఇనుప బీరువాలో ఉండేవి. తాళంచెవి ఆయన జేబులో. ఒకసారి ఎందుకండీ అని అడిగాను.

"మీకు తెలియదు బ్రదర్. మందుల షాపులో పెడితే కుర్రాళ్ళు మాట్లాడుకుంటారు. ఈ హాస్పిటల్‌లో ఎయిడ్స్ మందులు ఉన్నాయట, అంటే ఎయిడ్స్ రోగులు వస్తున్నారట అని ఊరంతా పాకుతుంది. ఒక్క కాన్పు కేసైనా మన గడప తొక్కుతుందా?"

ఆయన చెడ్డవాడు కాదు. కోస్తా నుంచి వచ్చి, ఇక్కడ రాళ్ళూ తుమ్మచెట్లూ తప్ప ఏమీ లేని రోజుల్లో ఆసుపత్రి కట్టినవాడు. అర్ధరాత్రి పిలిచినా వచ్చి ఆపరేషన్ చేసేవాడు. కానీ ఆసుపత్రి పేరు ముందు మనుషులు ఆయనకు కొంచెం చిన్నగా కనిపించేవాళ్ళు. మంచివాళ్ళతో ఉన్న చిక్కే ఇది. చెడ్డవాడైతే మొహం మీదే తిట్టి పోవచ్చు.

స్వరూప బొటనవేలు

విమానాశ్రయం తెరిచి మూడేళ్ళో నాలుగేళ్ళో అయింది. పొద్దున పూట మాకు కొత్తరకం రోగులు తగలడం మామూలైపోయింది. గల్ఫ్‌కు పోయేవాళ్ళు ముందురోజే ఊళ్ళో బయలుదేరి, నిద్ర లేక, తిండి లేక, లైన్లో కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళు. ఆ రోజు అలాగే గంగారాం అనే మనిషిని మోసుకొచ్చారు. మస్కట్‌కు పోతున్నాడు. వెంట సాగనంపడానికి భార్య, పిల్లలు, బావమరిది.

స్వరూప సిస్టర్ సెలైన్ పెట్టింది. కొత్తూరు అమ్మాయి, రెండేళ్ళ కొడుకు ఉన్నాడు. నరానికి గొట్టం ఎక్కించి, లోపలి సూది బయటికి తీసి, అలవాటు ప్రకారం టోపీ పెడుతోంది. సరిగ్గా అప్పుడే బావమరిది గట్టిగా, "బావా, ఫ్లైట్‌కు టైమైతుంది!" అన్నాడు. గంగారాం ఉలిక్కిపడి లేవబోయాడు. అతని మోచేయి స్వరూప చేతికి తగిలింది. సూది గ్లవ్‌లోంచి ఎడమ బొటనవేల్లోకి దిగింది.

ఆ అమ్మాయి నోరు మెదపలేదు. మేట్రన్ క్లాసు గుర్తొచ్చింది. సెలైన్ ఎక్కింది, గంగారాం రెండు ఇడ్లీలు తిన్నాడు, దండం పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత నేను డ్రెస్సింగ్ గదిలోకి పోతే, ట్రేలో స్పిరిట్ పోసుకుని అందులో వేలు ముంచి కూర్చుంది. రక్తం రావాలని నొక్కి నొక్కి వేలు నీలంగా కమిలింది.

"ఏంది స్వరూపా గిది?"

"ఏం లేదన్నా. జర గీరుకుంది."

"గీరుకుంటె గింత స్పిరిట్ వోస్తరా? నిజం చెప్పు."

చెప్పింది. చెబుతూ చెబుతూ, "అన్నా, ఇంటికి వోయి పిల్లగాన్ని ఎత్తుకోవచ్చా?" అంది.

ఇక్కడ ఆగి ఒక మాట. గుచ్చుకున్న చోట సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో కడగాలి. నొక్కకూడదు, చీకకూడదు, స్పిరిట్ పోయకూడదు. ఆమె చేసినవన్నీ తప్పులే. నేర్చుకున్న చదువంతా భయం ముందు కొట్టుకుపోయింది. కాబట్టి మీకేదో తెలుసని ధీమా వద్దు.

వేలు కడిగించి పెద్ద డాక్టర్ గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన విన్నారు. బీరువా వైపు చూశారు. నా వైపు చూశారు.

"ముందు పేషెంట్‌ని పట్టుకోండి బ్రదర్. రక్తం తీసి పరీక్ష చేద్దాం. నెగెటివ్ వస్తే మందు అక్కర్లేదు కదా. అనవసరంగా అంత ఘాటు మందు ఎందుకు?"

"సర్, ఆయన విమానం ఎక్కుతున్నడు."

"ఇంకా ఎక్కలేదు కదండీ!"

చూశారా? మందు ఆ గదిలో ఉంది. వేసుకోవలసిన మనిషి పక్క గదిలో ఉంది. మధ్యలో ఒక గోడ. ఆ గోడ దాటడానికి నన్ను విమానాశ్రయం చుట్టి రమ్మంటున్నారు. ముందు మాత్ర వేసుకుని, ఆ తర్వాత నింపాదిగా రోగిని వెతుక్కోవచ్చు. అతనికి ఏమీ లేదని తేలితే మాత్రలు ఆపేయవచ్చు. ఈ మాట ఆయనకు తెలియదా? తెలుసు. బీరువా తెరవడం ఇష్టం లేదు, అంతే.

గేటు దగ్గర

అంబులెన్స్ డ్రైవర్ ఖాజాకు సైరన్ వేయడానికి కారణం అక్కర్లేదు, అనుమతి చాలు. మా ఆసుపత్రి నుంచి విమానాశ్రయం దాకా మేం రోడ్డు మీద వెళ్ళామో గాల్లో వెళ్ళామో ఈరోజుకీ నాకు స్పష్టంగా తెలియదు.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన టికెట్ అడిగాడు. లేదన్నాను. అయితే పక్కకు జరగమన్నాడు. ఇక నాకున్న ఒకే ఒక్క విద్య బయటికి తీశాను. "లోపలికి పోయిన ప్యాసింజర్ చేతిలో మా సూది ఉండిపోయింది సార్. నేల మీద ఉన్నంతసేపు ఏమీ కాదు. విమానం పైకి లేచిందా, ఆ గాలి ఒత్తిడికి సూది నరం పట్టుకుని గుండెదాకా పోతుంది. నడి ఆకాశంలో మనిషి పోతే మీ పేరు చెబుతాను" అన్నాను.

ఆయన ముఖం తెల్లబోయింది. వైర్‌లెస్‌లో మాట్లాడాడు. విమానం కంపెనీ అమ్మాయి ఒకతె ఎత్తు మడమల చెప్పులతో పరుగెత్తుకొచ్చింది. మైకులో గంగారాం పేరు మారుమోగింది. నా అబద్ధం ఒక్కటి, అంత పెద్ద విమానాన్ని తలుపు వేసుకోనివ్వకుండా ఆపేసింది. చివరికి ఇద్దరు మనుషులు చెరోపక్కా పట్టుకుని గంగారాంను గేటు దగ్గరికి తీసుకొచ్చారు. రెయిలింగ్ అవతల అతని ఇల్లంతా ఇంకా నిలబడే ఉంది.

"ఏందన్నా, మళ్ళ ఏమైంది? నా చేతిల సూదేం లేదు గద!"

"సూది లేదు గని, జర నెత్తురియ్యాలె. హెచ్ఐవీ పరీక్ష చేస్తం."

ఈ మాట పక్కకు పిలిచి, మెల్లగా, ఎందుకో వివరంగా చెప్పి అడగాలి. నేను రెయిలింగ్ దగ్గర, భార్యాపిల్లల ముందు, సైరన్ మీద గొంతు వేసి అడిగాను. బావమరిది రెయిలింగ్ దూకి నా కాలర్ పట్టుకున్నాడు.

"ఏమంటివిరా? మా బావ అసుంటోడనుకుంటున్నవా?"

"అరె భాయ్, మా సిస్టర్‌కు సూది గుచ్చుకుంది, అందుకడుగుతున్నం! జర ఛోడో!" అని ఖాజా మధ్యలో దూరాడు.

గంగారాం మాత్రం కేకలు వేయలేదు. భార్య వైపు ఒకసారి చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వీసాకు పరీక్ష చేసిన్రన్నా. అంత మంచిగనే వచ్చింది. నేను నెత్తురియ్య. నన్ను వోనీ, నీకు దండం పెడత" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఇవ్వననడం అతని హక్కు. అతను చేసిన తప్పల్లా కళ్ళు తిరిగి పడిపోవడమే. నేను అరిచిన ఒక్క మాటతో అతని మీద భార్యకు ఏ అనుమానం మిగిల్చి పంపించానో నాకు తెలియదు.

ఫోన్లో పెద్ద డాక్టర్ గారికి చెప్పాను. ఆయన గొంతు వెలిగిపోయింది. "వీసా పరీక్ష నెగెటివేనా? మరింకేం బ్రదర్, మందు అవసరమే లేదు!"

ఎప్పటి వీసా పరీక్ష అది? ఆ తర్వాత ఏమైందో ఎవరికి తెలుసు? వ్యాధి ఒంట్లోకి వచ్చిన మొదటి వారాల్లో పరీక్షకు దొరకనే దొరకదు. మంచివార్త వినాలని కూర్చున్న మనిషికి ఏ వార్తయినా మంచిదే.

హాల్లో అవ్వ

తిరిగి వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. నర్సుల గదిలో టీ తాగుతున్నారు. అందరికీ స్టీలు గ్లాసులు. స్వరూపకు ఒక్కదానికి కాగితం కప్పు. ఇచ్చిన మనిషికి అది తప్పని కూడా అనిపించలేదు. పొద్దున్నుంచి నన్ను ఖాజా గాల్లో ఎగరేసినా, బావమరిది కాలర్ పట్టుకున్నా రాని కోపం ఆ కప్పును చూస్తే వచ్చింది.

స్వరూప కూడా దానివైపే చూస్తోంది. "దొరకలేదా అన్నా?" అంది. దొరికాడు, ఇవ్వనన్నాడని చెప్పాను. సార్ ఇక మందు అవసరం లేదంటున్నారని కూడా చెప్పాను. ఆమె కప్పు పక్కన పెట్టి లేచింది. పెద్ద డాక్టర్ గారి గది బయట హాలు కిక్కిరిసి ఉంది. నేరుగా పోయి, ఒక ముసలామె పక్కన కుర్చీలో, యూనిఫారంతోనే కూర్చుంది. కూర్చుని ఏడ్చింది.

"ఏమైంది బిడ్డా? సార్ తిట్టిండా?"

"లేదవ్వా. సూది గుచ్చుకుంది. ఎయిడ్స్ రాకుంట ఏస్కునే గోలీలున్నయ్. సార్ బీరువల ఉన్నయ్. సార్ ఇస్తలేడు."

అవ్వకు చెవుడు కొంచెం ఉంది, గొంతు మాత్రం చాలా ఉంది. తలుపు వైపు తిరిగి మొదలుపెట్టింది: "ఓ డాక్టరు సారూ! గీ పిల్లకు ఎయిడ్స్ గోలీలు ఇయ్యరాదూ! బీరువల దాసిపెట్టుకొని ఏం జేస్తవ్, పండుగకు నువ్వేస్కుంటవా?"

హాల్లో తలలన్నీ తలుపు వైపు తిరిగాయి. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. ఒక గర్భిణి భర్త లేచి, భార్య చెయ్యి పట్టుకుని, పోదామా అన్నట్టు చూశాడు. ఏ మాట బయటికి పాకకూడదని అన్నేళ్ళు తాళం వేశారో, అది ఆయన గుమ్మం ముందే కుర్చీ వేసుకుని కూర్చుంది. తలుపు తెరుచుకుంది. "సిస్టర్, లోపలికి రండి" అన్నారు ఆయన.

నేనూ వెంట వెళ్ళాను. బీరువా తెరిచారు. సన్మానాల శాలువాలు, గంధపు దండలు, మెరిసే జ్ఞాపికలు. నాలుగు శాలువాల కింద నుంచి మాత్రల అట్ట తీశారు. నేను అందుకుని, వెనక్కి తిప్పి చదివి ఆయన చేతిలో మళ్ళీ పెట్టాను.

"సర్, వీటి గడువు పోయినేడే అయిపోయింది."

ఎవరికీ తెలియకుండా దాచినదాన్ని ఎవరు చూసి మారుస్తారు? ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. "కాస్త అటూ ఇటూ అయినా పనిచేస్తాయండీ మందులు..."

"మీ బిడ్డకు గూడ గివే ఇస్తరా సార్?" అంది స్వరూప.

నేను జవాబు కోసం ఆగలేదు.

నీళ్ళ గ్లాసు

మళ్ళీ ఖాజా, మళ్ళీ సైరన్. బుద్వేల్ దగ్గర లారీలు అడ్డం, రాజేంద్రనగర్ మలుపులో పెళ్ళి బ్యాండు. స్వరూప కిటికీలోంచి బయటికే చూస్తోంది. నాకు తెలిసిన కథలన్నీ నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ పనికొచ్చేది కాదు.

నగరంలో ఈ మాత్రలు ఇచ్చే ప్రభుత్వ దవాఖాన. గోడలకు పెచ్చులూడుతున్నాయి, ఫ్యాను కిర్రుమంటోంది. చిన్న వయసు డాక్టరమ్మ ఒకరు లేచి వచ్చి, "ఎప్పుడు గుచ్చుకుంది?" అని అడిగింది. పొద్దున అన్నాం. ఒక చేతిలో మాత్ర, ఒక చేతిలో నీళ్ళ గ్లాసు. గాజు గ్లాసు.

"ముందు వేసుకో. మాటలు తర్వాత."

మింగాకే వివరాలన్నీ అడిగింది. ఇలాంటి సూదిపోటుతో వ్యాధి రావడం చాలా అరుదని, అయినా మాత్రలు నెలంతా మానవద్దని, ఈరోజు రక్తపరీక్ష చేసి మళ్ళీ కొన్ని నెలల పాటు చేస్తామని, అప్పటిదాకా భర్తతో కలయికలో జాగ్రత్త తీసుకోవాలని చెప్పింది. స్వరూప అడగాల్సింది ఒక్కటే అడిగింది.

"ఎత్తుకో తల్లీ. ముద్దు పెట్టుకో. దానికి దీనికి ఏం సంబంధం?" అంది డాక్టరమ్మ.

ఆ నెలంతా ఆ పిల్ల వాంతులతో, నీరసంతో డ్యూటీ చేసింది. మాత్ర మాత్రం ఒక్క పూట తప్పలేదు. తర్వాతి పరీక్షలన్నీ నెగెటివ్ వచ్చాయి. చివరి ఫలితం వచ్చిన రోజు స్వరూప నర్సుల గదిలో స్టీలు గ్లాసు తీసుకుని తానే టీ పోసుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు, నోరు తెరిస్తే ఏడ్చేవాణ్ణి.

ఇంతలో పెద్ద డాక్టర్ గారు స్టాఫ్‌నంతా హాల్లోకి పిలిచి, స్వరూపకు చేతులు జోడించి, "తప్పు నాదమ్మా" అన్నారు. కొత్త మాత్రలు తెప్పించి క్యాజువాలిటీలో అందరికీ అందేలా పెట్టించారు. సూదులు కాల్చే యంత్రం మంచాల దగ్గరికి వచ్చింది. మేట్రన్ మేడం క్లాసులు మానేసింది. గుచ్చుకున్నవాళ్ళు వెంటనే వచ్చి చెప్పడం మొదలుపెట్టారు.

నేను కల్పించింది

ఇంతదాకా చదివి, విమానం ఆపిన సంగతి కట్టుకథ అని మీరు తేల్చుకుని ఉంటారు. కాదు. విమానం ఆగింది. నాకోసమే ఆగిందో, భోజనాల బండి ఆలస్యమై ఆగిందో అంతవరకు నేను పూచీ పడలేను. రెయిలింగ్ దూకిన బావమరిది నిజం. కేకేసిన అవ్వ నిజం. శాలువాల కింద గడువు తీరిన మందు నిజం, కాగితం కప్పు నిజం.

నేను కల్పించింది ఆ చివరి పేరా. పెద్ద డాక్టర్ గారు క్షమాపణ చెప్పలేదు. మరునాడు మేట్రన్ అందరినీ నిలబెట్టి, రోగుల ముందు ఆసుపత్రి విషయాలు మాట్లాడేవాళ్ళను ఏమనాలో అది అంది. కొత్త మాత్రలు వచ్చాయి. అదే బీరువాలోకి పోయాయి. యంత్రం మరుగుదొడ్ల పక్కనే ఉంది. నేను పని మానేసిన రోజు కూడా అది అక్కడే చిటపటమంటోంది. సూది గుచ్చుకున్నవాళ్ళు కొందరు వచ్చి చెప్పేవాళ్ళు, అది కూడా నాకే, గుసగుసగా. నేను ఖాజాను పిలిచేవాణ్ణి. ఇన్నేళ్ళలో నేను సాధించిన సంస్కరణ అది.

విమానాన్ని ఆపానంటే నమ్మించగలను. ఒక పెద్దమనిషి తప్పు ఒప్పుకున్నాడని మాత్రం ఎంత రాసినా నాకే అతకలేదు.

చివరి పరీక్ష అయ్యాక స్వరూప మా ఆసుపత్రి వదిలి రాజేంద్రనగర్ వైపు ఇంకొక దాంట్లో చేరింది. చేరిన రోజు మధ్యాహ్నం ఫోన్ చేసింది. జీతం ఎంత, డ్యూటీలు ఎట్లా అని అడగబోయాను. అడగనివ్వలేదు.

"అన్నా, పొద్దుగాల పోంగనే అడిగిన. గోలీలు ఈడ క్యాజువాలిటీలనే ఉన్నయ్. తారీకు చూసిన, ఇంక మస్తు టైముంది. డబ్బకు తాళం గూడ లేదన్నా."